నోట తడారితే... నవ్వి ఊరుకోకండి!

పచ్చి చింతకాయల్ని రోట్లో వేసి, ఉప్పూ పచ్చిమిరపకాయలూ కలిపి కచ్చాపచ్చాగా దంచుతున్నారనుకోండి. పక్కన వేడివేడి రాగి సంగటి, పైన చెంచాడు నెయ్యి... చదువుతుంటేనే నోట్లో నీళ్లు ఊరాయి కదూ? మీరేమీ తినలేదు, కనీసం వాసన కూడా చూడలేదు. మరి ఆ నీళ్లు ఎక్కడినుంచి వచ్చినట్టు?

మీ నెత్తురులోంచి! కాసేపటి కిందట మీ రక్తనాళాల్లో తిరుగుతున్న నీరే ఇప్పుడు నాలుక కింద చేరింది.

కర్నూలులో డిగ్రీ అమ్మాయిలకు చాలా ఏళ్లుగా జంతుశాస్త్రం చెబుతున్నాను. లాలాజల గ్రంథుల పాఠం వచ్చిన రోజున పుస్తకం తెరవను. బోర్డు మీద మన ఇళ్లలో రోజూ వినే నాలుగు మాటలు రాస్తాను. నోరూరింది. నోట తడారిపోయింది. నోరు పిడచకట్టుకుపోయింది. వేడి చేసింది. మొదటి మూడు మాటల్లో సగం శరీరధర్మశాస్త్రం ఉంది. నాలుగో మాట మాత్రం ఆడవాళ్ల కొంప ముంచుతోంది. ఎలాగో చెబుతాను, వినండి.

నోరూరింది...

చిన్నప్పుడు గవదబిళ్లలు వచ్చినప్పుడు చెవుల ముందు, దవడల దగ్గర వాచిపోతుంది చూడండి... అక్కడుంటుంది పెద్ద లాలాజల గ్రంథి. ఇలా రెండువైపులా మూడు జతలు. చెవి ముందు ఒకటి, దవడ ఎముక కింద ఒకటి, నాలుక కింద ఒకటి. ఇవికాక పెదవుల్లో, బుగ్గల్లో, అంగిట్లో కంటికి కనిపించని చిన్నవి వందల్లో ఉంటాయి. అన్నీ కలిసి రోజుకి అరలీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం తయారుచేస్తాయి. అందులో నూటికి 99 పాళ్లు నీళ్లే. మిగిలిన ఒక్క పాలులోనే పిండిపదార్థాన్ని జీర్ణం చేసే ఎంజైమూ, పళ్లను కాపాడే కాల్షియమూ, క్రిములను అడ్డుకునే ప్రొటీన్లూ ఉంటాయి.

ఇంత నీరు కావాలంటే గ్రంథికి నెత్తురు అందుతూ ఉండాలి. అన్నివేళలా ఒకేలా అందితే వృథా. అందుకే మన శరీరం గడుసుగా ఓ ఏర్పాటు చేసుకుంది. కె.సి. కాలువకి తూములున్నట్టే గ్రంథికి వచ్చే సన్నటి రక్తనాళాలకీ తూములున్నాయి. తినే వేళకి తెరుచుకుంటాయి, ఆ పని కాగానే తగ్గుతాయి. బాగా తెరిస్తే గ్రంథిలోకి వచ్చే నెత్తురు మామూలుకంటే పది రెట్ల దాకా పెరుగుతుంది.

ఆ తూములు ఎత్తేది ఎవరు? నరాలు. ఈ సంగతి మొదట తేల్చింది ఫ్రాన్స్ దేశపు శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్. 1858లో ఆయన కుక్కల దవడ కింది గ్రంథి మీద ప్రయోగాలు చేశాడు. సాధారణంగా గ్రంథి నుంచి తిరిగి వెళ్లే సిరలో నెత్తురు నల్లగా ఉంటుంది. గ్రంథికి వెళ్లే ఒక నరాన్ని కరెంటుతో ప్రేరేపిస్తే ఆ నల్లటి నెత్తురు ఎర్రగా మారి, జోరుగా పరుగెత్తింది. గ్రంథి వాడుకునేలోపే దాటిపోయేంత వేగం అన్నమాట! మెడవైపు నుంచి వచ్చే ఇంకో నరాన్ని కదిలిస్తే నెత్తురు మందగించి, మరింత నల్లబడింది. ఒక నరం తూము ఎత్తుతుంది, ఇంకోటి దించుతుంది. మొదటి నరం ఎటునుంచి వెళుతుందో తెలుసా? చెవి లోపల, కర్ణభేరిని ఆనుకుని!

అలాగైతే నెత్తురు ఎక్కువగా వస్తే దానంతటదే వడగట్టుకుని లాలాజలం అయిపోతుందా? కాదు. 1850 ప్రాంతంలోనే జర్మనీ శాస్త్రవేత్త కార్ల్ లుడ్విగ్ గ్రంథి గొట్టంలో ఒత్తిడి కొలిచి చూస్తే, అది ధమనిలోని నెత్తురు ఒత్తిడికన్నా ఎక్కువగా ఉంది. అంటే గ్రంథి తానే కష్టపడి నీటిని బయటికి తోస్తోంది. నెత్తురు సరుకు అందిస్తుంది, గ్రంథి వంట చేస్తుంది. 1872లో హైడెన్‌హైన్ అనే మరో జర్మన్ శాస్త్రవేత్త అట్రోపిన్ అనే మందు ఎక్కించి నరాన్ని ప్రేరేపిస్తే లాలాజలం చుక్క రాలేదు, నెత్తురు మాత్రం ఎప్పటిలాగే జోరుగా వచ్చింది. పొయ్యి ఆరిపోయినా సరుకులు వచ్చి పడుతూనే ఉన్నాయి!

ఇదెలా సాధ్యమో తెలియడానికి మరో వందేళ్లు పట్టింది. నరం కొసలనుంచి రెండు రసాయనాలు వస్తాయి. అసిటైల్‌కోలిన్ గ్రంథిని పనిచేయమంటుంది. రెండోదాని పేరు చెబితే మా అమ్మాయిలు నవ్వుతారు... వి.ఐ.పి.! 'వాసోయాక్టివ్ ఇంటెస్టైనల్ పెప్టైడ్' అనే పొడుగాటి పేరుకి పొట్టి రూపం అది. 1970లో మొదట పంది పేగుల్లో దొరికింది, తర్వాత లాలాజల గ్రంథుల నరాల్లోనూ కనిపించింది. మంత్రిగారు వస్తే రోడ్డు ఖాళీ చేయించినట్టు, ఈ వి.ఐ.పి. రాగానే రక్తనాళాలు వెడల్పవుతాయి. అట్రోపిన్ అసిటైల్‌కోలిన్‌ని అడ్డుకుంటుంది గానీ వి.ఐ.పి. జోలికి పోదు. రక్తనాళాలను వదులు చేయడంలో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువుకీ వాటా ఉంది. దాని గుట్టు విప్పిన ముగ్గురికి 1998లో నోబెల్ బహుమతి వచ్చింది.

నోట తడారిపోయింది...

మౌఖిక పరీక్షలో అమ్మాయి నోరు తెరవలేక నిలబడుతుంది. పెళ్లిచూపుల్లో గ్లాసెడు మంచినీళ్లు తాగినా పెదవులు అతుక్కుపోతాయి. భయం వేసినప్పుడు మెదడు 'తినే పని తర్వాత, ముందు గండం గట్టెక్కు' అంటుంది. గ్రంథులకి వెళ్లే ఆజ్ఞను ఆపేస్తుంది. వచ్చే కాస్త లాలాజలమూ చిక్కబడి జిగటగా మారుతుంది.

ఈ సంగతి మన పూర్వులకీ తెలుసు. ధర్మశాస్త్రాల్లో చెప్పిన దివ్యపరీక్షల్లో 'తండుల దివ్యం' ఒకటి. దొంగతనం మోపిన మనిషితో బియ్యం నమిలించి ఆకుమీద ఉమ్మించేవారు. ఆ ఉమ్మిలో నెత్తురు జీర కనబడితే దోషి అన్నట్టే. తప్పు చేసినవాడికి భయంతో నోరెండిపోతుంది, పొడి బియ్యం చిగుళ్లకు గీసుకుంటాయి... ఇదీ దాని వెనకున్న లెక్క కావచ్చు. కానీ ఆలోచించండి. నలుగురి మధ్యా నిలబెట్టి దొంగ అంటే ఏ తప్పూ చేయని పనిమనిషికి మాత్రం భయం వేయదా? ఎండిన నోరు భయాన్ని చూపిస్తుందే తప్ప దోషాన్ని చూపించదు.

అట్రోపిన్ అన్నాను కదా, దాని జాతి పదార్థాలు మన పొలంగట్ల మీద పెరిగే ఉమ్మెత్తలోనే ఉన్నాయి. ఉమ్మెత్త గింజలు తిన్న పిల్లలకు నోరు ఎండిపోయి, కంటిపాపలు పెద్దవై, సంధి ప్రేలాపనలు వస్తాయి. ఆపరేషన్‌కి ముందు కొందరికి వేసే నోరెండిపోయే సూదీ ఈ కోవలోదే. మత్తులో ఉన్నప్పుడు ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి పోకుండా వేస్తారు.

దీనికి సరిగ్గా ఎదురు కథ పురుగుమందుది. ఆదోని చుట్టుపక్కల పత్తి చేలలో పనిచేసే అక్కలు ఇది గుర్తుపెట్టుకోవాలి. కొన్ని పురుగుమందులు ఒంట్లో అసిటైల్‌కోలిన్‌ని విరగనివ్వవు. అది పేరుకుపోయి నోట్లోంచి సొంగ కారుతుంది, కళ్లు నీళ్లు కారుతాయి, చెమటలు పోస్తాయి, ఊపిరాడదు. పిచికారీ చేసే చోట ఎవరికైనా ఇలా అయితే ముందు వాళ్లని చేను బయటికి తీసుకురండి. చేతులకు తొడుగు వేసుకుని తడిసిన బట్టలు విప్పండి, ఒళ్లు సబ్బుతో కడగండి, క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మందు డబ్బా కూడా వెంట పట్టుకెళ్లండి. అక్కడ డాక్టర్లు ఇచ్చే ముఖ్యమైన విరుగుడు అట్రోపినే. అలాగని ఇంట్లో ఉమ్మెత్తతో వైద్యం చేయబోయేరు... ప్రాణాలు పోతాయి!

నోరు పిడచకట్టుకుపోయింది...

మన సీమలో మే నెల గురించి కొత్తగా చెప్పేదేముంది! నంద్యాల, కర్నూలు, కడప... ఎక్కడైనా ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. చెమట రూపంలో నీరు పోయేకొద్దీ నెత్తురు పరిమాణం తగ్గుతుంది. గుండెకీ మెదడుకీ కొరత రాకూడదు కాబట్టి శరీరం అంత అవసరం లేని చోట తూములు దించుతుంది. లాలాజల గ్రంథులకి వెళ్లే నెత్తురుకీ కోత పడుతుంది, గ్రంథీ పని తగ్గిస్తుంది. చెరువు అడుగంటుతుంటే ముందు ఆఖరి మడికి నీళ్లు ఆపినట్టు! ఆ ఎండిన నోరే మనకి దాహం అని చెప్పే కబురు.

ఆ కబురు మనం వింటున్నామా? కర్నూలు నుంచి కడపకి సుమారు రెండువందల కిలోమీటర్లు. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా బస్సులో వెళుతుంటే ఆడవాళ్లని గమనించండి. చంకలో బిడ్డకి నీళ్లు తాగిస్తారు, పక్క సీటు పెద్దాయనకి సీసా అందిస్తారు. తాము మాత్రం పెదవులు తడుపుకుని ఊరుకుంటారు. ఎందుకో మీకూ తెలుసు, నాకూ తెలుసు. దారిలో దిగి వెళ్లడానికి శుభ్రమైన చోటు ఉండదేమోనని భయం. చేలల్లో కూలికి పోయేవాళ్లదీ, మరుగుదొడ్డి సరిగా లేని బడుల్లో చదివే ఆడపిల్లలదీ, దుకాణాల్లో రోజంతా నిలబడే సేల్స్ అమ్మాయిలదీ ఇదే కథ. నోరు ఎండబెట్టుకోవడం ఆడదాని మర్యాదలో భాగమైపోయింది. దాని ఫలితం నోటితో ఆగదు. మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్లు, కిడ్నీలో రాళ్లు... ఇవన్నీ నీళ్లు తక్కువ తాగేవాళ్ల వెంటపడతాయి.

వేడి చేసింది...

ఇక నాలుగో మాట. మా పెద్ద వదిన, అంటే మావారి అక్క, ప్రొద్దుటూరులో ఉంటుంది. యాభై దాటాక ఆమెకి జొన్నరొట్టె మింగుడు పడటం మానేసింది. "ఇసక నమిలినట్టుంటాంది మే. నీళ్లు లేకుండా ఒక్క తునకా దిగదు" అనేది. రాత్రి మంచం పక్కన చెంబు లేనిదే పడుకునేది కాదు. కళ్లలో ఇసుక పడ్డట్టు గరగర. ఇంట్లో అందరిదీ ఒకటే జవాబు... వేడి చేసింది! సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చారు, బార్లీ కాచి ఇచ్చారు, మజ్జిగ ఇచ్చారు. అవేమీ చెడ్డవి కావు. కానీ నాలుగేళ్లు అలాగే గడిచిపోయాయి. ఈలోపు చిగురు అంచున పళ్లు పుచ్చి, ఒకటొకటే విరిగిపోసాగాయి.

చివరికి సంగతి పట్టుకున్నది పళ్ల డాక్టరమ్మ. నోట్లో అద్దం పెట్టి చూస్తే అది బుగ్గకి అతుక్కుపోయిందట. "అమ్మా, కళ్లు కూడా పొడిగా ఉంటాయా?" అని అడిగింది. అంతకుముందు ఎవరూ అడగని ప్రశ్న అది. కంటి రెప్పలో చిన్న కాగితం ముక్క పెట్టి ఐదు నిమిషాల్లో ఎంత తడిసిందో చూశారు. పదిహేను నిమిషాల్లో నోట్లో ఊరిన లాలాజలం కొలిచారు. ఒకటిన్నర మిల్లీలీటరుకి మించకపోతే తక్కువన్నట్టు లెక్క. వదినకి అందులో సగం కూడా రాలేదు. నెత్తురు పరీక్ష, కింది పెదవి లోపలినుంచి తీసిన చిన్న ముక్క పరీక్ష అయ్యాక షోగ్రెన్ వ్యాధి అని తేలింది.

స్వీడన్ కంటి డాక్టరు హెన్రిక్ షోగ్రెన్ 1933లో కళ్లు, నోరు ఎండిపోయిన 19 మంది గురించి రాశాడు. అందరూ స్త్రీలే. చాలామందికి కీళ్లనొప్పులూ ఉన్నాయి. మనల్ని కాపాడాల్సిన రక్షణ కణాలే లాలాజల గ్రంథుల్లోకీ కన్నీటి గ్రంథుల్లోకీ చేరి వాటిని దెబ్బతీస్తాయి. తూము తెరిచి ఉన్నా, నెత్తురు వస్తున్నా, వంట చేసే గ్రంథే పాడైపోతుంది. అప్పుడు ఎన్ని చెంబుల నీళ్లు తాగినా నోటి తడి నిలవదు. ఈ వ్యాధి ఉన్న పదిమందిలో తొమ్మిదిమంది ఆడవాళ్లే, ఎక్కువగా నలభై, యాభైల వయసువాళ్లు. సరిగ్గా 'వయసు మీద పడింది' అనో 'బహిష్టులు ఆగిపోతున్నాయి కదా' అనో తోసేసే వయసు!

వ్యాధి పేరు తెలిసిన రోజు వదిన ఏడవలేదు. "ఇన్నేండ్లూ పని తప్పించుకునేదానికి సాకులు చెబుతాండానని అనుకున్న్యారు. ఇప్పుడు కాగితం మీద ఉంది గదా మే" అంది. జబ్బు వచ్చినందుకు కాదు, తన మాట నిజమని తేలినందుకు ఊరట! ఎంతమంది ఆడవాళ్లు ఇలాంటి ఒక కాగితం కోసం ఎదురుచూస్తున్నారో అనిపించింది నాకు.

నోరెండిన ప్రతివారికీ ఈ వ్యాధే అనుకుని బెంబేలెత్తకండి. అంతకంటే మామూలు కారణాలు చాలా ఉన్నాయి. షుగరు అదుపు తప్పితే నీరంతా మూత్రంలో పోయి నోరెండుతుంది. జలుబుకి వాడే క్లోర్‌ఫెనిరమిన్, కడుపునొప్పికి డైసైక్లోమిన్, నిద్రకీ నొప్పులకీ ఇచ్చే అమిట్రిప్టిలిన్ లాంటివి అట్రోపిన్ చేసే పనే కొంత చేస్తాయి. బి.పి.కి ఇచ్చే నీళ్ల మాత్రలూ కారణం కావచ్చు. నోటి కాన్సర్‌కి రేడియేషన్ తీసుకున్నవాళ్లకీ గ్రంథులు దెబ్బతింటాయి. కారణాన్నిబట్టే వైద్యం. అందుకే 'వేడి' అన్న ఒక్క మాటతో అన్నిటినీ కట్టేయకూడదు.

ఏం చేయాలంటే...

* నోరెండటం రెండు మూడు నెలలు వదలకపోయినా, పొడి తిండి మింగడానికి నీళ్లు తప్పనిసరి అయినా, కళ్లలో గరగర తోడైనా డాక్టరుకి చూపించుకోండి. ముందుగా షుగరు పరీక్ష చేయించుకోండి.

* వాడే మాత్రలన్నీ ఒక సంచిలో వేసి డాక్టరు ముందు పెట్టండి. మీ అంతట మీరు ఏదీ మానేయకండి.

* చెవుల ముందు, దవడ కింద వాపు తగ్గకుండా ఉన్నా, నోట్లో తెల్లటి పూత, మంట ఉన్నా ఆలస్యం చేయొద్దు. కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి, కర్నూలులో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉన్నాయి.

* నీళ్లు ఒక్కసారిగా కాకుండా గుక్కెడు గుక్కెడుగా తాగండి. ఎండలో ఉప్పు వేసిన పలచటి మజ్జిగ మంచిది. బి.పి., గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఉప్పూ నీళ్లూ ఎంతో డాక్టరుని అడిగి తీసుకోవాలి.

* నమలడం వల్ల నరాలు కదిలి గ్రంథికి నెత్తురు అందుతుంది. భోజనమయ్యాక కాస్త సోంపు నమలండి. చక్కెర లేని చూయింగ్ గమ్ కూడా పనిచేస్తుంది. తీపి బిళ్లలు, పులుపు చప్పరింతలు వద్దు. కాపాడే లాలాజలం లేనప్పుడు అవి పళ్లను త్వరగా తినేస్తాయి.

* నోరూరుతుందని ఆకువక్క, పొగాకు అలవాటు చేసుకోకండి. వక్క కాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే ప్రకటించింది.

* ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతో రెండుపూటలా పళ్లు తోముకోండి. ఆరు నెలలకోసారి పళ్ల డాక్టరుకి చూపించుకోండి.

షోగ్రెన్ ఉన్నవాళ్లకి పూర్తిగా నయం చేసే మందు లేకపోయినా ఉపశమనం ఇచ్చేవి ఉన్నాయి. గ్రంథిలో ఏ కొంచెం ప్రాణమున్నా దాన్ని కదిలించే పైలోకార్పిన్ మాత్రలు అందులో ఒకటి. బ్రెజిల్‌లో పెరిగే జబొరాండి మొక్కనుంచి వచ్చిన మందు అది. ఆస్తమా, గుండెజబ్బు ఉన్నవాళ్లకి పడకపోవచ్చు కాబట్టి డాక్టరు రాస్తేనే వాడాలి. మా వదినకి కంటి చుక్కలు, పళ్లకి ఫ్లోరైడ్ పూతలు, ఈ మాత్రలు కలిసి చాలావరకు సుఖం ఇచ్చాయి. జొన్నరొట్టెని పప్పులో నానబెట్టుకుని తింటోంది.

ఇంట్లో అమ్మో, అత్తో, ఆడబిడ్డో "నోరెండిపోతోంది" అంటే సబ్జా నీళ్లు ఇవ్వండి, మంచిదే. ఇచ్చి, పక్కన కూర్చుని ఇంకో రెండు ప్రశ్నలు అడగండి. ఎన్నాళ్లనుంచి? కళ్లు కూడా పొడిబారుతున్నాయా? ఆ రెండు ప్రశ్నలకి పైసా ఖర్చు లేదు. ఎవరూ అడక్కపోవడం వల్ల మా వదినకి నాలుగేళ్లూ, తొమ్మిది పళ్లూ ఖర్చయ్యాయి.